అడ్రస్‌లో ముందు రెండంకెలు చూడండి: ఏమోడ్ 24, 31, 64

నమస్కారమండీ, భీమవరం నుంచి మాట్లాడుతున్నాను, కరెంటు ఉన్నంతసేపే ఈ వీడియో, కాబట్టి సోది లేకుండా విషయంలోకి వెళ్లిపోదాం: ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లో ఏమోడ్, అంటే ఒక ప్రోగ్రామ్ ఎన్ని బిట్ల అడ్రస్ చదవగలదో చెప్పే సెట్టింగ్. కాకినాడ నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, పాత అసెంబ్లర్ రొటీన్‌ని అసలు ముట్టుకోలేదు, దాన్ని పిలిచే కోబాల్ ప్రోగ్రామ్‌ని మాత్రం ఆప్షన్లు మార్చి మళ్లీ కంపైల్ చేశాం, అప్పట్నుంచి ఎస్0సీ4 కొడుతోంది, తప్పెవరిది?"

ఎస్0సీ4 అంటే ప్రోగ్రామ్ లేని చోటుకో, తనది కాని చోటుకో పోయి ఆగిపోవడం. తప్పు రొటీన్‌ది కాదు తమ్ముడూ. నువ్వు దాని చేతిలో పెట్టిన అడ్రస్‌ది.

1964లో ఐబీఎం సిస్టమ్/360 ప్రకటించినప్పుడు రిజిస్టర్‌కి, అంటే ప్రాసెసర్ లోపల లెక్కలకీ అడ్రస్‌లకీ వాడే చిన్న డబ్బాకి, 32 బిట్లు ఇచ్చారు గానీ అడ్రస్‌కి వాడింది 24 మాత్రమే, అంటే మొత్తం 16 మెగాబైట్లు, ఆ రోజుల్లో అది ఎవరికీ అంతు చిక్కనంత చోటు. పైనున్న 8 బిట్లని హార్డ్‌వేర్ పట్టించుకోదు. ఊరికే పడి ఉంటే వదులుతారా? కాలవగట్టు మీద కాస్త జాగా కనిపిస్తే బడ్డీకొట్టు వెలిసినట్టు, ప్రోగ్రామర్లంతా అక్కడ తమ ఫ్లాగులు పెట్టేసుకున్నారు. 1980ల్లో ఐబీఎం వాళ్ల తర్వాతి డిజైన్ 370-ఎక్స్‌ఏ వచ్చి గట్టు వెడల్పు చేద్దామంటే ఆ కొట్లన్నీ అడ్డం. అందులో ఒకటి మరీ పీకలేనిది: పారామీటర్ లిస్టులో, అంటే పిలిచేవాడు పంపే డేటా అడ్రస్‌ల జాబితాలో, ఇదే ఆఖరిది అని చెప్పే మొదటి బిట్. దాన్ని ముట్టుకోకుండా 31తో సరిపెట్టారు, 2 గిగాబైట్లు. 16 మెగాబైట్ల దగ్గరున్న హద్దుని అందరం లైన్ అంటాం.

ఇప్పుడు తమ్ముడి కేసు. కొత్త కోబాల్ డేటా లైన్ పైన కూర్చుంది, దాని అడ్రస్ హెక్సాలో 01234560 అనుకోండి, ఒక్కో అంకె 4 బిట్లు. రొటీన్ ఏమోడ్ 24. దానికి ముందున్న 01 కనపడదు, 234560 అనే చదువుకుంటుంది, నేరుగా లైన్ కిందున్న ఇంకేదో చోటికి పోతుంది. అక్కడ స్టోరేజ్ లేకపోతే, లేదా మనది కాకపోతే, ఎస్0సీ4. అలా పడిపోవడమే నయమండీ! అక్కడ మన జాబ్ స్టోరేజే ఉందనుకోండి, ఆ చెత్తనే మీ డేటా అనుకుని చదువుతుంది, ప్యాక్డ్ ఫీల్డ్ (బైట్‌కి రెండంకెలు కుక్కి దాచే సంఖ్య) అయితే కూడేటప్పుడు ఎస్0సీ7, అంటే ఇది సంఖ్యే కాదనే ఎర్రర్, కొడుతుంది, ఇక టీమంతా ఇన్‌పుట్ ఫైల్ మీద పడి తెల్లవార్లూ వెతుకుతారు. ఒకవేళ ఆ చోట రాసిందనుకోండి, ఎప్పుడో, ఇంకెక్కడో పేలుతుంది. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

అందుకే డంప్ (ప్రోగ్రామ్ పడిపోయినప్పటి మెమరీ నకలు) తెరవగానే, పారామీటర్ లిస్టు అడ్రస్ ఉండే రిజిస్టర్ 1 పట్టుకుని ఆ లిస్టుకి వెళ్లండి. 81234560 అని కనిపిస్తే అందులో 8 చూసి కంగారు పడకండి, అది ఆఖరి పారామీటర్ గుర్తు. దాని పక్కనున్న 1, అదే దొంగ. పిలిచే కోబాల్‌ని డేటా(24)తో కంపైల్ చేస్తే దాని డేటా ఉండే వర్కింగ్ స్టోరేజ్ లైన్ కిందికి వస్తుంది, రొటీన్ బతుకుతుంది. రన్‌టైమ్‌లో ఆల్31 (అన్ని ప్రోగ్రాములూ ఏమోడ్ 31 అని చెప్పే ఆప్షన్) ఆన్‌లో ఉంటే, ఏమోడ్ 24 ప్రోగ్రామ్ ఉంది కాబట్టి అది కూడా ఆఫ్ చేయాలి. ఏమోడ్ అంటే ప్రోగ్రామ్ ఎంత అడ్రస్ చదవగలదో, ఆర్‌మోడ్ అంటే అది ఎక్కడ కూర్చుంటుందో. ఇంటర్వ్యూల్లో ఈ రెండూ కలిపేసి చెప్పేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు.

64 గురించి కూడా ఒక్క మాట. 2000లో 64 బిట్ల అడ్రస్‌లతో జెడ్/ఆర్కిటెక్చర్ వచ్చింది, 2 గిగాబైట్ల హద్దు పేరు బార్. మొదట్లో 2 నుంచి 4 గిగాబైట్ల మధ్య చోటు ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా వదిలేశారు, ఎందుకంటే పై బిట్ వెలిగి ఉన్న 31 బిట్ల అడ్రస్‌ని ఎవరైనా 64లో వాడేస్తే అది సరిగ్గా అక్కడే పడుతుంది, పడగానే దొరికిపోతుంది.

తమ్ముడూ, ఆ డంప్‌లో రిజిస్టర్ 1 దగ్గర ఏముందో కింద కామెంట్‌లో పెట్టు, చూద్దాం.