మెడికల్ బోర్డు రాసిన రెండు లైన్ల కోసం మాజీ సైనికుడు చెన్నై దాకా ఎందుకు వెళ్లాలి?

నమస్తే. ఈరోజు డిసెబిలిటీ పెన్షన్ గురించి మాట్లాడదాం, ముఖ్యంగా క్లెయిమ్ రిజెక్ట్ అయ్యాక జరిగే అప్పీళ్ల గురించి. మల్కాజ్‌గిరి, నేరేడ్‌మెట్, సైనిక్‌పురి, అల్వాల్, యాప్రాల్, ఇలా సికింద్రాబాద్ కంటోన్మెంట్ చుట్టుపక్కల ఏ కాలనీకి వెళ్లినా మాజీ సైనికుల ఇళ్లు కనిపిస్తాయి. వాళ్లతో పది నిమిషాలు కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు లోపలికి వెళ్లి ఒక ఫైలు పట్టుకొచ్చి మన ముందు పెడతారు. నాకు ఈ విషయం మీద కోపం ఉంది, దాచుకోను. ఎందుకంటే ఇక్కడ చట్టం సైనికుడి వైపే ఉంది, అయినా నష్టపోతున్నది సైనికుడే.

ముందు రూల్ ఏంటో చూద్దాం. సర్వీసులో ఉండగా వచ్చిన గాయమో జబ్బో సర్వీసు వల్ల వచ్చి ఉండాలి, లేదంటే సర్వీసు వల్ల ముదిరి ఉండాలి. వైకల్యం 20 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి. అప్పుడు మామూలు పెన్షన్‌కి తోడు డిసెబిలిటీ ఎలిమెంట్ వస్తుంది. వంద శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం, తక్కువుంటే ఆ నిష్పత్తిలో. లెక్క కోసం ఆఖరి జీతం 40,000 అనుకోండి. వంద శాతానికి నెలకు 12,000, 20 శాతానికి 2,400. ఇందులో బ్రాడ్ బ్యాండింగ్ అని ఇంకొకటి ఉంది: 50 కన్నా తక్కువ ఉంటే 50గా లెక్కేస్తారు, 50 నుంచి 75 దాకా ఉంటే 75గా, ఆపైన ఉంటే 100గా. అంటే ఆ 2,400 కాస్తా 6,000 అవుతుంది, దాని మీద డీఆర్ (ధరల పెరుగుదలకి ఇచ్చే కరువు భత్యం) వేరే. ఈ డబ్బుకి పెద్ద బంగళాలేం రావు, కానీ మందులకీ, కరెంటు బిల్లుకీ, మనవడి స్కూలు ఫీజుకీ సరిపోతుంది.

ఇదంతా తేల్చేది రిటైర్ అయ్యే ముందు కూర్చునే రిలీజ్ మెడికల్ బోర్డు. వాళ్లు నింపే ఫారం పేరు ఏఎఫ్ఎమ్ఎస్ఎఫ్-16. అందులో జబ్బు పేరు, శాతం, సర్వీసుకి సంబంధం ఉందా లేదా అన్న గడి, పక్కన కారణం రాయడానికి కొంచెం చోటు ఉంటాయి. ఈ కథంతా తిరిగేది ఆ కొంచెం చోటు చుట్టూనే.

మా వీధిలో రిటైర్డ్ హవల్దార్ అంకుల్ ఒకాయన ఉన్నారు. ఆయన ఫారం నేను చదివాను. బీపీ, 30 శాతం, జీవితాంతం అని ఉంది. కారణం దగ్గర ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు: జబ్బు మొదలైంది పీస్ స్టేషన్‌లో (అంటే సరిహద్దుకి దూరంగా ఉండే ప్రశాంతమైన పోస్టింగులో), సర్వీసుకి సంబంధం లేదు. అంతే. అదే ఫారంలో పైన ఆయన పోస్టింగులన్నీ వరసగా ఉన్నాయి, ఎత్తైన కొండ ప్రాంతంలో ఒక టెన్యూర్, సరిహద్దులో ఇంకో టెన్యూర్, ఆ తర్వాతే పీస్ స్టేషన్. "బాబూ, అక్కడ కొండ మీద బీపీ మిషన్ పెట్టి చూసిందెవరు? కిందికొచ్చాక మెడికల్ చేశారు, అప్పుడు బయటపడింది" అన్నారు. ఆయన మాటలో ఎంత న్యాయం ఉందో ఆలోచించండి. బయటపడిన చోటునే మొదలైన చోటుగా రాసేస్తే, ఫీల్డులో చేసిన సర్వీసంతా ఆ కాగితంలో లెక్కకే రాకుండా పోయింది.

సరే, అప్పీలు ఉంది కదా అంటారు. ఉంది, రెండుసార్లు చేసుకోవచ్చు. రిజెక్షన్ లెటర్ వచ్చాక ఆరు నెలల్లోపు మొదటి అప్పీలు, దాన్ని చూసేది అప్పిలేట్ కమిటీ ఆన్ ఫస్ట్ అప్పీల్స్. అక్కడా కాదంటే రెండో అప్పీలు, సెకండ్ అప్పిలేట్ కమిటీ ఆన్ పెన్షన్‌కి. ఈ రెండు కమిటీలూ ప్రధానంగా కాగితాలు చూసే తేలుస్తాయి. అంకుల్ విషయంలో ఆయన్ని మళ్లీ పరీక్షించిన వాళ్లూ లేరు, పిలిచి అడిగిన వాళ్లూ లేరు. ఆయన పంపిన మూడు పేజీల అప్పీలుకి వచ్చిన జవాబులో కొత్త మాట ఒక్కటీ లేదు, బోర్డు రాసిన ఆ రెండు ముక్కలే కొంచెం పొడుగు వాక్యంలో ఉన్నాయి. తప్పు చేశారని ఎవరి మీద ఫిర్యాదు చేశామో వాళ్ల కాగితాన్నే సాక్ష్యంగా పెట్టుకుని, అదే వ్యవస్థలోని ఇంకో గది తీర్పు ఇస్తే దాన్ని అప్పీలు అని ఎలా అంటాం?

ఇప్పుడు చట్టం ఏమంటుందో వినండి. 2013 జులైలో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చాలా స్పష్టంగా చెప్పింది. భర్తీ అయ్యేటప్పుడు జబ్బు ఉన్నట్టు రికార్డులో రాయకపోతే అతను ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలి. తర్వాత ఆరోగ్యం దెబ్బతిని బయటికి వస్తే అది సర్వీసు వల్లేనని అనుకోవాలి. కాదు అనేవాళ్లే నిరూపించాలి. అనుమానం ఉంటే ఆ లాభం సైనికుడికే. బోర్డు కాదంటే కారణాలు రాయాలి. 2014 డిసెంబర్‌లో రామ్ అవతార్ కేసులో, జబ్బు వల్ల మధ్యలో ఇంటికి పంపిన వాళ్లకే కాదు, పూర్తి సర్వీసు చేసి రిటైరైన వాళ్లకి కూడా బ్రాడ్ బ్యాండింగ్ వర్తిస్తుందని తేల్చింది. 2025 మే నెలలో రాజుమోన్ కేసులో, మానసిక జబ్బు పేరుతో 1998లో బయటికి పంపిన జవానుకి, బోర్డు కారణాలు రాయలేదన్న మాట మీదే పెన్షన్ ఇమ్మంది. లెక్క చూడండి, 1998 ఎక్కడ, 2025 ఎక్కడ!

మరి తీర్పులు ఇంత స్పష్టంగా ఉంటే కింది స్థాయిలో ఎందుకు అమలు కావు? నాకు తెలిసినంతలో జవాబు ఇదే: గెలిచినవాడికి మాత్రమే ఇస్తారు. అచ్చం అదే జబ్బు, అదే సర్వీసు ఉన్న పక్కింటాయనకి ఇవ్వరు, ఆయనా కేసు వేసుకోవాలి. బ్రాడ్ బ్యాండింగ్ తీర్పు వచ్చాక కూడా ఎంతోమంది పాత రిటైరీలు ఒక్కొక్కరుగా ట్రైబ్యునల్ మెట్లెక్కే దాన్ని తెచ్చుకున్నారు.

ఆ ట్రైబ్యునల్ పేరు ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రైబ్యునల్, ఏఎఫ్‌టీ. 2007 చట్టంతో వచ్చింది, 2009లో పని మొదలుపెట్టింది. న్యాయమూర్తి ఒకరు, సైన్యంలో పెద్ద హోదాలో చేసి రిటైరైన సభ్యుడు ఒకరు కలిసి వింటారు, మంచి ఏర్పాటు. ఎంతోమందికి న్యాయం దొరికింది కూడా ఇక్కడే. కానీ మన రీజినల్ బెంచ్ చెన్నైలో ఉంది. ఇంత పెద్ద కంటోన్మెంట్, గోల్కొండలో ఆర్టిలరీ సెంటర్, సికింద్రాబాద్‌లో ఏఓసీ, ఈఎంఈ అనే సైనిక విభాగాల శిక్షణ సెంటర్లు ఉన్న హైదరాబాద్‌కి సొంత బెంచ్ లేదు. మోకాలు వంగని మనిషి, వెన్ను పట్టేసిన మనిషి రాత్రంతా రైల్లో చెన్నై వెళ్లి, కేసు వాయిదా పడితే మళ్లీ రాత్రంతా రైల్లో రావాలా? లాయర్ ఫీజు సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. నెలకు 2,400 కోసం ఇదంతా ఎందుకులే అని ఫైలు బీరువాలో పెట్టేసినవాళ్లు నాకు తెలుసు. ఆ పెట్టేసిన ఫైళ్లు ఎవరి లెక్కలోకీ రావు, అసలు అన్యాయం అక్కడుంది.

పోనీ గెలిచాక అయినా అయిపోతుందా? 2023లో పర్షోత్తమ్ దాస్ కేసులో ఏఎఫ్‌టీ తీర్పుల మీద హైకోర్టుకి రిట్ వేయొచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. సైనికుడికి దగ్గర్లో ఒక తలుపు తెరుచుకుందని నేను సంతోషించాను. ఆ తలుపు గుండా కేంద్రం కూడా వెళ్లింది, డిసెబిలిటీ పెన్షన్ ఇమ్మన్న ఆర్డర్ల మీద ఢిల్లీ హైకోర్టులో వందల కొద్దీ పిటిషన్లు వేసింది. 2025 జులైలో హైకోర్టు వాటిని కొట్టేసింది, పీస్ స్టేషన్‌లో బయటపడింది అన్నంత మాత్రాన కాదనడానికి వీల్లేదంది. ఇలాంటి పెన్షన్ కేసుల మీద పైకోర్టులకి వెళ్లడం తగ్గించుకోవాలని 2015లో రక్షణ మంత్రిత్వ శాఖే వేసిన నిపుణుల కమిటీ చెప్పింది. పదేళ్ల తర్వాత కూడా పరిస్థితి ఇది.

అవతలి వాదన కూడా చెప్పాలి. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన రిపోర్టులో జవాన్ల కంటే ఆఫీసర్లలో డిసెబిలిటీతో రిటైరయ్యేవాళ్ల వాటా బాగా ఎక్కువ ఉందని, బీపీ, షుగర్ లాంటి జీవనశైలి జబ్బుల కేసులు చూడాలని రాసింది. అందులో నిజం ఉంది, కాదనను. దుర్వినియోగం చేసేవాళ్లు ఉంటే ఆపాల్సిందే. అయితే ఆపే దారి ఏంటి? బోర్డు దగ్గరే ఆ మనిషి పోస్టింగులు, డ్యూటీ, కుటుంబంలో ఆ జబ్బు చరిత్ర అన్నీ చూసి, ఒక పేజీ కారణం రాయడం. అలా రాస్తే దొంగ క్లెయిమ్ అక్కడే ఆగుతుంది, నిజమైనది అక్కడే పాసవుతుంది. అందర్నీ రెండు ముక్కలతో పంపేసి, డబ్బూ ఓపికా ఉన్నవాడు కోర్టుకెళ్లి తెచ్చుకుంటాడులే అంటే చివరికి నష్టపోయేది సిపాయీ, నాయక్ స్థాయి మనిషే.

అందుకే నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. మొదటి అప్పీలులోనే మనిషి మాట వినండి, వీడియో కాల్‌లో అయినా సరే. బోర్డులో లేని డాక్టర్‌తో మళ్లీ చూపించండి. ఒకే రకం కేసులో సుప్రీంకోర్టు తేల్చేశాక అలాంటివాళ్లందరికీ ఒక్క ఆర్డర్‌తో ఇచ్చేయండి. హైదరాబాద్‌లో ఒక పూర్తిస్థాయి బెంచ్ పెట్టండి.

ఈలోపు మీ ఇంట్లో ఎవరికైనా రిజెక్ట్ అయి ఉంటే, ముందు ఆ ఏఎఫ్ఎమ్ఎస్ఎఫ్-16 కాపీ సంపాదించండి, రికార్డ్ ఆఫీసు ఇవ్వకపోతే ఆర్‌టీఐ వేయండి. కారణం గడిలో ఏం రాశారో చదవండి. రిటైరైన తేదీ కూడా చూసుకోండి, 2023 సెప్టెంబర్ 21 నుంచి ఈ పెన్షన్ ఎవరికి వస్తుందో చెప్పే కొత్త ఎంటైటిల్‌మెంట్ రూల్స్ వచ్చాయి, పాతవాళ్ల కేసులు పాత రూల్స్ కిందే నడుస్తాయి. అప్పీలు పంపి ఆరు నెలలైనా జవాబు రాకపోతే ట్రైబ్యునల్‌కి వెళ్లొచ్చు, జవాబు కోసం ఏళ్ల తరబడి కూర్చోవాల్సిన పని లేదు. ఆలస్యమైపోయిందని వదిలేయకండి, పెన్షన్ ప్రతి నెలా రావాల్సిన హక్కు కాబట్టి ఆలస్యాన్ని ట్రైబ్యునళ్లు క్షమిస్తూ వచ్చాయి, కాకపోతే 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు పట్టుకుని చాలా కేసుల్లో పాత బకాయి మూడేళ్లకే ఇచ్చాయి, అందుకే ఎంత తొందరగా వేస్తే అంత మంచిది. ఆ మాజీ సైనికుడు ఇప్పుడు బతికి లేకపోయినా సరే, ఏఎఫ్‌టీ చట్టం భార్యా పిల్లలకి, వారసులకి కూడా వర్తిస్తుంది, ఆ బకాయి వాళ్లు అడగొచ్చు.