తరిమేకొద్దీ పెరిగిన నాటకం: కబుకి కథ

అందరికీ నమస్కారం. జపాన్ సంప్రదాయ నాటకం గురించి మాట్లాడమన్నారు. నో, కబుకి, బొమ్మలాట అయిన బున్‌రాకు అని మూడు పేర్లు చెప్పి తలా పది నిమిషాలు పంచేయొచ్చు గానీ, అలా చేస్తే ఇంటికెళ్లేసరికి మీకు ఒక్కటీ గుర్తుండదు. అందుకని ఒక్క సంగతే పట్టుకుంటాను. ప్రభుత్వం నెత్తిన పెట్టుకున్న నాటకం ఏమైంది, వెంటపడి తరిమిన నాటకం ఏమైంది?

నెత్తిన పెట్టుకున్నది నో. 1370ల్లో అషికాగా యోషిమిత్సు అనే షోగున్, అంటే చక్రవర్తి పేరుకి ఉండగా అసలు దేశాన్ని ఏలే సేనాపతి, క్యోటోలో కన్నామి అనే నటుడి ఆట చూసి ముచ్చటపడి అతన్నీ, అతని కొడుకు జెయామినీ చేరదీశాడు. ఆ పిల్లాడే పెద్దయ్యాక గొప్ప నాటకాలు రాశాడు, నటన మీద శాస్త్రగ్రంథాలు రాశాడు. ముసలితనంలో, 1434లో, ఇంకో షోగున్‌కి కోపం వచ్చి అదే జెయామిని సాదో దీవికి పంపించేశాడు. దొరల ప్రాపకం అంటే అంతే కదా.

తర్వాత 1600ల్లో తొకుగావా షోగున్లు నోని ఆస్థాన కళ చేసి నటులకు జీతాలు ఇచ్చారు. తిండికి లోటు లేదు, కానీ కొత్తగా ఏమైనా చేద్దామన్న అవసరమూ పోయింది. ఆట మెల్లమెల్లగా నెమ్మదించింది, జెయామి కాలంలో ఇంతకంటే చాలా వేగంగా ఆడేవారని పరిశోధకులు చెప్తారు. ఇప్పుడు చూస్తే నటుడు రంగస్థలం దాటడానికే బోలెడంత సేపు పడుతుంది. మాస్కు కంటి రంధ్రాలు ఎంత చిన్నవంటే, మూలల్లో ఉన్న స్తంభాలు చూసుకుని తనెక్కడున్నాడో తెలుసుకోవాలి. అందంగా ఉంటుంది, కాదనను. మొదటిసారి చూసేవాళ్లకి నిద్రొస్తే మాత్రం సిగ్గుపడక్కర్లేదు, జపాన్ వాళ్లకీ వస్తుంది.

ఇక తరిమినది కబుకి. దీన్ని మొదలుపెట్టింది ఒక ఆడమనిషి. ఇజుమో నో ఒకుని అనే ఆమె 1603 ప్రాంతంలో క్యోటోలో మగవేషం కట్టి, కత్తి పెట్టుకుని ఆడితే జనం విరగబడ్డారు. ఆమెను చూసి వేశ్యాగృహాల వాళ్లు కూడా బృందాలు పెట్టారు, ప్రేక్షకుల్లో కొట్లాటలు మొదలయ్యాయి, ప్రభుత్వానికి టెన్షన్ పట్టుకుంది. 1629లో ఆడవాళ్లు స్టేజీ ఎక్కకూడదన్నారు. సరే, అందమైన కుర్రాళ్లు ఎక్కారు. వాళ్ల కోసమూ కొట్లాటలే! 1652లో కుర్రాళ్లనీ ఆపేశారు.

ఇక్కడే అసలు మలుపు. మళ్లీ ఆడుకోవడానికి ప్రభుత్వం పెట్టిన షరతు ఏమిటంటే, నటులు నుదుటి పైజుట్టు గొరిగించుకోవాలి, ఉత్త డాన్సులు కాకుండా కథ ఉన్న నాటకాలే వేయాలి. బోడినెత్తితో నాయిక వేషం ఎలా? నటులు ఆ చోట ఊదారంగు గుడ్డముక్క కప్పుకున్నారు, కొన్నాళ్లకి ఆ గుడ్డే అందం అయి కూర్చుంది. మొహం మీద ఆధారపడే వీలు లేకపోయాక నడక, చూపు, గొంతు, వేళ్లు, అన్నీ కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. అలా వచ్చినవాళ్లే ఒన్నగాత, అంటే స్త్రీపాత్రలు వేసే మగనటులు. యోషిజావా అయామె అనే మహానటుడైతే స్త్రీవేషధారి బయట కూడా స్త్రీలాగే బతకాలని శిష్యులకు చెప్పేవాడు. స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి మన పెద్దవాళ్లు చెప్పుకునే మాటలు విన్నవాళ్లకి ఇది మరీ వింతగా అనిపించదు.

రచయితల సంగతి ఇంకో తమాషా. అప్పటి సమురాయ్ గొడవల్ని స్టేజీ మీద చూపించకూడదు. 1703లో 47 మంది సమురాయ్‌లు చచ్చిపోయిన తమ ప్రభువు పగ తీర్చుకుంటే దేశమంతా అదే చర్చ, నాటకం వేయకుండా ఎలా ఉంటారు? 1748లో ఒసాకాలో బొమ్మలాటగా, వెంటనే కబుకిగా 'కనదెహోన్ చూషిన్‌గురా' వచ్చింది. కథని 14వ శతాబ్దానికి నెట్టేశారు, ఆ 47 మందికి నాయకుడైన ఒయిషి కురానోసుకే పేరుని ఒబోషి యురానోసుకే చేశారు. ఎవరి గురించో చూసేవాళ్లందరికీ తెలుసు, అధికారులకీ తెలుసు.

అన్ని నిషేధాలూ ఇలా కలిసొచ్చాయని కాదు. జంట ఆత్మహత్యల మీద చికమాత్సు మొన్‌జయెమోన్ బొమ్మలాటలు రాస్తే, వాటిని చూసి నిజంగా చచ్చిపోయేవాళ్లు ఎక్కువయ్యారని 1723లో ఆ కథలనే ఆపేశారు, దానికి కారణం లేదనలేం. 1842లో ఏడో ఇచికావా దాన్‌జూరో అనే పేరున్న కబుకి నటుణ్ని ఆడంబరం ఎక్కువైందని ఎదో, అంటే ఇప్పటి టోక్యో, నుంచి వెళ్లగొట్టారు. థియేటర్లన్నిటినీ ఊరి చివర అసకుసాకి తోలేశారు. జనం అక్కడికీ వెళ్లారు.

1945లో ఓడిపోయాక అమెరికా వాళ్లు వచ్చి, పగ తీర్చుకోవడాలూ స్వామిభక్తీ ఉన్న నాటకాలు ప్రమాదమని చూషిన్‌గురాని పక్కన పెట్టించారు. సుమారు రెండేళ్లకే, 1947లో, అది హేమాహేమీలతో టోక్యోలో మళ్లీ స్టేజీ ఎక్కింది.

ఆడవాళ్ల మీద పెట్టిన ఆంక్ష మెయిజీ కాలంలోనే, అంటే షోగున్ల పాలన పోయి చక్రవర్తి చేతికి అధికారం వచ్చాకే, పోయింది. అయినా టోక్యోలోని కబుకి-జా అనే పెద్ద థియేటర్‌లో ఇవాళ్టికీ నాయిక వేషం వేసేది దాదాపు ఎప్పుడూ మగనటుడే. చట్టం వదిలేసినా సంప్రదాయం వదల్లేదు. ఒన్నగాత కళ పోకూడదు కాబట్టి ఇలాగే ఉండాలని కొందరంటారు, ఒకుని పెట్టిన నాటకంలో ఆడవాళ్లకే చోటు లేకపోవడం ఏమిటని ఇంకొందరంటారు. నాకైతే రెండో మాటే సబబుగా అనిపిస్తుంది. మీరేమంటారో ప్రశ్నల సమయంలో చెప్పండి.