చలికాలం ఖర్చు తగ్గించుకునే కాలం: చైనా సంప్రదాయ వైద్యం చెప్పే మాట

[దృశ్యం: ప్లాస్టిక్ బకెట్‌లో వేడినీళ్లు, అందులో రెండు పాదాలు. ఆవిరి పైకి లేస్తోంది.]

జనవరి రాత్రి. ఊరు షాంఘై అనుకోండి. బయట మూడు నాలుగు డిగ్రీలు. ఇంట్లో కూడా పెద్ద తేడా లేదు. స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, పడుకోబోయే ముందు ఇలా బకెట్‌లో కాళ్లు పెట్టుకుని కూర్చుంటారు.

[మ్యాప్: చైనా మధ్యలో అడ్డంగా ఒక ఎర్రగీత.]

అదేంటి, అంత పెద్ద ఊళ్లో ఇళ్లకు హీటింగ్ ఉండదా అంటారా? చిన్‌లింగ్ కొండలు, హువాయ్ నది వెంబడి చైనాను రెండుగా విడదీసే గీత ఒకటి ఉంది. దానికి ఉత్తరాన ఊరంతటికీ కలిపి వేడినీళ్ల పైపులు వేసి ఉంటాయి. బీజింగ్‌లో మామూలుగా నవంబర్ 15న వేడి వదిలి, మార్చి 15న ఆపేస్తారు. దక్షిణాన చాలా ఊళ్లకు ఆ వసతి లేదు. అక్కడ ఎంబీబీఎస్ చదివొచ్చిన మన పిల్లల్ని అడిగి చూడండి: ఉత్తరాన ఉన్నవాళ్లు చలికాలంలో హాస్టల్ గదిలో టీషర్టు మీద తిరిగిన కథలు చెబుతారు, దక్షిణాన ఉన్నవాళ్లు దుప్పట్ల కథలు చెబుతారు.

సరే, బకెట్ సంగతి. దాని వెనకున్న ఆలోచన మాత్రం రెండు వేల ఏళ్ల నాటిది.

[స్క్రీన్ మీద: బీ త్సాంగ్]

చైనా వైద్యానికి మూలగ్రంథం ‘హువాంగ్‌దీ నేయ్‌జింగ్’. చలికాలపు మూడు నెలలకు అందులో పెట్టిన పేరు ఇది. తలుపులు మూసి దాచిపెట్టడం అని అర్థం. నీళ్లు గడ్డకట్టి, నేల బీటలు వారే కాలం కదా, నీ ఒంట్లో వేడిని కదపొద్దు అంటుంది. పెందలాడే పడుకో, ఆలస్యంగా లే, ఎండ వచ్చేదాకా ఆగు అంటుంది. చెమటలు పట్టేలా ఒళ్లు అలవగొట్టుకోవద్దని కూడా చెబుతుంది. చలిలో అయిదింటికే లేచి వాకింగ్‌కి వెళ్లేవాళ్లకు ఈ మాట నచ్చకపోవచ్చు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

మన ఆయుర్వేదం ఇక్కడ వేరే దారి పడుతుంది. హేమంతంలో జఠరాగ్ని బలంగా ఉంటుంది కాబట్టి నూనె పట్టించుకుని, వ్యాయామం చేసి, నెయ్యితో గట్టిగా తినమంటుంది. చైనావాళ్లది పొదుపు లెక్క: ఇప్పుడు దాచుకున్నదే వసంతంలో వాడుకోవాలి.

ఆ దాచుకునే కొట్టు కిడ్నీ అంటారు వాళ్లు. తొందరపడి ల్యాబ్ రిపోర్టులు తీయకండి. వాళ్ల లెక్కలో కిడ్నీ అంటే మూత్రం వడగట్టే అవయవం ఒక్కటే కాదు. పుట్టుకతో వచ్చిన సత్తువ, ఎముకలు, చెవులు, జుట్టు, చివరికి భయం కూడా దాని ఖాతాలోనే. చలికాలం, నీరు, నలుపు రంగు దాని చుట్టాలు. అందుకే నల్ల నువ్వులు, నల్ల సోయా గింజలు, వాల్‌నట్స్ ఈ కాలంలో బాగా తినమంటారు. నలుపు తింటే కిడ్నీ బాగుపడుతుందన్నది పోలికే, రుజువు కాదు. నువ్వులు మంచి తిండి అన్నదాంట్లో మాత్రం ఎవరికీ పేచీ లేదు.

[దృశ్యం: పొయ్యి మీద మట్టికుండ. మాంసం, అల్లం ముక్కలు, గోధుమరంగు వేరు.]

ఇక నాకు బాగా నచ్చిన భాగం. దాదాపు 1800 ఏళ్ల కిందట, హాన్ రాజ్యం చివరి రోజుల్లో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు రాసిపెట్టిన సూప్ ఇది. దాంగ్ గుయ్ అనే వేరు మూడు పాళ్లు, పచ్చి అల్లం అయిదు, గొర్రె మాంసం పదహారు. ఎనిమిది కొలతల నీళ్లు పోసి మూడు కొలతలయ్యే దాకా మరిగించాలి. గోరువెచ్చగా రోజుకు మూడుసార్లు తాగాలి. చలి మరీ ఎక్కువైతే అల్లాన్ని మాంసంతో సమానం చేయమన్నాడు! ఊహించుకోండి, కిలో మటన్‌కి కిలో అల్లం. అసలు ఆయన దీన్ని రాసింది చలి చేరి వచ్చే కడుపునొప్పికి, బాలింతల నొప్పికి. తర్వాత తర్వాత అది చలికాలపు ఇంటివంట అయింది.

దాంగ్ గుయ్ దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగాలి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు దీని జోలికి పోకూడదు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. ‘మూలికే కదా, ఏమవుతుంది’ అనేవాళ్లకు బ్రస్సెల్స్ కథ ఒకటి చెప్పాలి. 1990ల మొదట్లో అక్కడ బరువు తగ్గడానికి ఇచ్చిన మాత్రల్లో ఫాంగ్‌జీ అనే వేరు బదులు, దాదాపు అదే పేరున్న ఇంకో వేరు పడింది. అందులో అరిస్టోలోకిక్ ఆసిడ్ ఉంది. వందమందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. కారణం చెడ్డ ఉద్దేశం కూడా కాదు, పేర్ల తికమక. అందుకే ఆన్‌లైన్‌లో దొరికే ‘వింటర్ టానిక్’ పొడులు నేనైతే కొనను. అల్లం, మాంసం, మిరియాలు మనింట్లోనే ఉన్నాయి.

[దృశ్యం: మళ్లీ బకెట్. అరికాలు క్లోజప్‌లో.]

కాలి వేళ్లు ముడిస్తే అరికాలి ముందుభాగంలో గుంట పడుతుంది చూశారా? అది యోంగ్‌చ్వాన్, ఉబికే ఊట అని అర్థం. కిడ్నీ నాడి, అంటే వాళ్ల లెక్కలో ఒంట్లో శక్తి పారే దారి, అక్కడే మొదలవుతుందంటారు. దాన్ని వేడి చేయడానికే బకెట్. నాడి సంగతి పక్కన పెట్టినా ఇందులో పస ఉంది: పాదాలు వెచ్చబడితే అక్కడి రక్తనాళాలు విచ్చుకుంటాయి, ఒంటి లోపలి వేడి మెల్లగా బయటికి పోతుంది, నిద్ర త్వరగా పడుతుంది. నీళ్లు నలభై డిగ్రీల దాకా, పావుగంట చాలు. చెమట పట్టిందంటే ఎక్కువైనట్టే, దాచుకోవాల్సింది పోగొట్టుకున్నట్టు. షుగర్ ఉండి కాళ్లు తిమ్మిరెక్కేవాళ్లు దీన్ని మానేయడమే మంచిది. స్పర్శ సరిగా తెలియదు కాబట్టి కాలినా తెలియదు.

[దృశ్యం: తెల్ల కాగితం మీద గీతలతో వేసిన ప్లమ్ పూలకొమ్మ. రంగు లేదు.]

చలి ఎప్పుడు పోతుందో లెక్క ఎలా? డిసెంబర్ 21 లేదా 22న వచ్చే దోంగ్‌జీ, అంటే ఏడాదిలో అతి పొడవైన రాత్రి. ఆ రోజు నుంచి తొమ్మిదేసి రోజుల చొప్పున తొమ్మిది విడతలు లెక్కపెడతారు. పాతకాలంలో ఇళ్లల్లో ఇలాంటి బొమ్మ గోడకు తగిలించేవారు. పూలన్నిటికీ కలిపి రేకులు 81. రోజుకో రేకుకు ఎర్రరంగు వేస్తూ పోతే, చివరి రేకు నిండేసరికి మార్చి రెండోవారం.

[దృశ్యం: బ్రష్ మొదటి రేకును ముట్టుకుంటుంది. మిగతా ఎనభై తెల్లగానే ఉన్నాయి.]