కార్నిస్ గదిని చూసి పెట్టించండి

సభలో ఉన్న పెద్దలకూ, అక్కచెల్లెళ్ళకూ నమస్కారం. శాలువాలూ అవీ చివర్లో చూసుకుందాం. సంక్రాంతికి చాలామంది ఇళ్ళకు రంగులు వేయిస్తున్నారు, సీలింగ్ బోర్డర్ గురించి చెప్పండి అని కాలనీ సంఘం వాళ్ళు అడిగారు. అడక్కపోయినా చెప్పేవాణ్ణే, ఎందుకంటే ఈ విషయం నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది.

గోడా శ్లాబూ కలిసేచోట వేసే అంచు అది, కార్నిస్ అన్నా అదే. అందం ఒక్కటే కాదు, అక్కడ వచ్చే సన్నని పగులునీ, గీత వంకరనీ కూడా అది కప్పుతుంది. మన గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఇల్లు కాస్త కదిలినా పగులు ముందు ఇలాంటి అతుకుల దగ్గరే పడుతుంది.

ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, ఫోన్‌లో ఫోటో చూపించి 'ఇదే కావాలి' అంటున్నారు. ఆ ఫోటోలో హాలు ఎత్తు పన్నెండు అడుగులు. మన ఫ్లాట్లలో నేల నుంచి శ్లాబు దాకా తొమ్మిదిన్నర ఉంటే గొప్ప. దానికి ఎనిమిది అంగుళాల బోర్డర్ పెడితే సీలింగ్ నెత్తి మీదకి దిగినట్టు ఉంటుంది. అలాంటి గదికి మూడు, మహా అయితే నాలుగు అంగుళాలు చాలు. ఫాల్స్ సీలింగ్ కూడా వేయిస్తే అరడుగు ఎత్తు అక్కడే పోతుంది, ఇంకా తగ్గించుకోవాలి. పెద్ద అంచులు బ్రాడీపేటలో, అరండల్‌పేటలో మిగిలిన పాత ఇళ్ళకి నప్పుతాయి.

కార్పెంటర్ పని మొదలుపెట్టక ముందే బోర్డర్ సంగతి తేల్చుకోండి. బీరువా శ్లాబు దాకా కడతారు, బోర్డర్ వచ్చి దాని పక్కకు గుద్దుకుని ఆగిపోతుంది. కిటికీ మీద కర్టెన్ పెల్మెట్, గోడకు ఏసీ, మధ్యలో దిగిన బీమ్, అన్నిచోట్లా ఇదే తంటా.

ఇక సరుకు. థర్మకోల్ చవక, కానీ వేలితో నొక్కితే సొట్ట పడుతుంది, నిప్పుకు ఆగదు. ఎండీఎఫ్, అంటే చెక్క పీచుని జిగురుతో ఒత్తి చేసిన పలక, తడి తగిలితే ఉబ్బుతుంది. చెక్కకు చెదల భయం. పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ ఫోమ్ తేలిక, తడికి తట్టుకుంటుంది, ధర ఎక్కువ. పీఓపీ అంటే ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్, జిప్సం కాల్చి చేసిన పొడి; నీళ్ళు కలిపి గట్టిపడ్డాక మళ్ళీ జిప్సమే, దాని బరువులో దాదాపు 21 శాతం నీరే, అందుకే నిప్పుకు తొందరగా లొంగదు. కానీ పై ఫ్లాటు బాత్రూమ్ కారుతుంటే మాత్రం మెత్తబడి పొడిలా రాలిపోతుంది. ముందు లీకేజీ ఆపండి, బోర్డర్ మాట తర్వాత.

ఇక్కడ మా మేస్త్రి గారి గురించి చెప్పాలి. నేను ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. ఆయన బోర్డర్ కొనేవారు కాదు, గోడ మీదే లాగేవారు. రేకుని బోర్డర్ ఆకారానికి కత్తిరించి చెక్కకు బిగిస్తే అది ఫర్మా. గోడకి ఒక చెక్కపట్టీ కొట్టి, దాని మీద ఫర్మా నడిపేవారు. నీళ్ళలో పీఓపీ చల్లాలి తప్ప పీఓపీలో నీళ్ళు పోయకూడదు, ఉండలు కడుతుంది. పెరుగంత చిక్కబడగానే గోడకు పామి, ఫర్మా ఒక్క చేతి ఊపులో లాగాలి, ఎందుకంటే నిమిషాల్లో బిగుసుకుంటుంది. మళ్ళీ పామి, మళ్ళీ లాగి, చివరి పూత పల్చగా. ఫర్మా మూలలోకి వెళ్ళదు. అక్కడ ఆయన చిన్న తాపీ పట్టుకుని, మెడ వెనక్కి వాల్చి, రెండు గోడల గీతలూ కలిసేదాకా చెక్కేవారు. గోడకు పట్టిన టైం కంటే మూలకే ఎక్కువ పట్టేది.

బ్రాడీపేటలో ఆయన లాగిన కార్నిస్ ఉన్న ఒక ఇల్లు చేతులు మారింది. కొన్నవాళ్ళు ఫాల్స్ సీలింగ్ కోసం ఆ కార్నిస్‌ని సమ్మెటతో కొట్టించారు. అది బిగువుగానే ఉండేది, పగుళ్ళు లేవు, రంగు వేస్తే సరిపోయేది. నేను చెప్పినా వినలేదు. మీలో ఎవరి ఇంట్లోనైనా అలాంటి పాత కార్నిస్ ఉంటే దయచేసి పగలగొట్టించకండి. విరిగిన ముక్క ఉంటే, మిగిలిన దాని అచ్చు అట్టముక్క మీద గీసి, ఫర్మా చేసి లాగొచ్చు. ఆ పని తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు, పని ఇచ్చేవాళ్ళు లేరు.

డిజైన్ ఎంచుకునేటప్పుడు నీడ పడుతుందా అని చూడండి. అమరావతి స్తూపం ప్రాకారం పై అంచు రాతి మీద పొడవాటి పూలదండ మోస్తున్న మనుషులు ఉంటారు. లోతుగా చెక్కారు కాబట్టే వెలుతురు పడితే ఒక్కో మడతా వేరుగా కనిపిస్తుంది. మన గదిలో సన్నసన్న ఆకులూ తీగలూ పెట్టిస్తే రెండు మూడు సార్లు రంగు వేసేసరికి పూడిపోతాయి, సందుల్లో దుమ్ము. లోతైన గాడి ఒకటి, గుండ్రటి వంపు ఒకటి, అంతే చాలు.

డబ్బు కట్టే ముందు రెండడుగుల ముక్క తెప్పించి, గోడ మూలలో టేపుతో అంటించి, సాయంత్రం లైటు వేసి, సోఫాలో కూర్చుని చూడండి. ఇంటి ఆడవాళ్ళనీ పిలిచి చూపించండి, ఆ గదిలో రోజంతా ఉండేది వాళ్ళే కదా. ఇదిగో, ఈ బల్ల మీద నాలుగు రకాల ముక్కలు పెట్టాను, పక్కనే ఫర్మా కూడా ఉంది. ఒక్కొక్కరే వచ్చి చేత్తో పట్టుకు చూసి, అడగాల్సింది అడగండి.