ఇద్దరమ్మాయిల ప్రేమకథలు: జానర్ మారితే అడ్డం మారాలి కదా! | అయిదు నవలల రివ్యూ

హాయ్ అండీ! లెస్బియన్ రొమాన్స్ మీద వీడియో ఎప్పుడు చేస్తావ్ అని అడుగుతూనే ఉన్నారు కదా, ఇదిగో చేసేస్తున్నా. అయిదు పుస్తకాలు, అయిదూ ఇంగ్లిష్ నవలలే, ఒకదానికీ ఇంకోదానికీ పోలిక ఉండదు. అసలు ట్విస్టులు మాత్రం చెప్పను, నా మీద ఒట్టు.

ప్రేమకథ చేతిలోకి తీసుకుంటే నేను ముందు చూసేది ఒకటే, ఇద్దరికీ మధ్య అడ్డం ఏంటి? అది లేకపోతే రెండో చాప్టర్‌లోనే భోజనాలు పెట్టి పంపించేయొచ్చు. ఇద్దరమ్మాయిల కథ అనగానే చాలామంది రచయితలు "లోకం ఒప్పుకోదు" దగ్గరే ఆగిపోయి మూడొందల పేజీలు అదే ఏడుపు ఏడిపిస్తారు. లోకం ఒప్పుకోదు, సరే, తెలుసు. కానీ ఆ ఒప్పుకోకపోవడం వీళ్లిద్దరి రోజువారీ బతుకులోకి ఎలా దూరింది, అది చెప్పాలి కదా.

అది చెప్పిన పుస్తకంతోనే మొదలుపెడదాం. "ది ప్రైస్ ఆఫ్ సాల్ట్", 1952లో వచ్చింది, రాసింది ప్యాట్రీషియా హైస్మిత్. కానీ కవర్ మీద ఆ పేరు లేదు, క్లెయిర్ మోర్గన్ అని మారుపేరు పెట్టుకుంది. సొంత పేరుతో, "కెరోల్" అన్న టైటిల్‌తో రావడానికి 1990 దాకా పట్టింది. 2015లో వచ్చిన "కెరోల్" సినిమా దీన్నుంచి తీసిందే. న్యూయార్క్‌లో పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్, క్రిస్మస్ రద్దీ, బొమ్మల కౌంటర్‌లో తెరీజ్ అనే పందొమ్మిదేళ్ల అమ్మాయి. కూతురికి బొమ్మ కొనడానికి కెరోల్ వస్తుంది, బొమ్మ ఇంటికి పంపమని అడ్రస్ ఇచ్చి వెళ్లిపోతుంది. తెరీజ్ ఆ అడ్రస్‌కి ఒక క్రిస్మస్ కార్డు పోస్ట్ చేస్తుంది, అందులో తన పేరు కూడా రాయకుండా స్టోర్‌లో తన ఎంప్లాయీ నంబర్ వేస్తుంది! ఐ లవ్ యూ లేదు, ఏమీ లేదు, ఒక నంబర్, అంతే. ఆ ఒక్క పేజీకి పుస్తకం డబ్బులు గిట్టుబాటు అయిపోయాయి నాకు. ఇక అడ్డం అంటారా, కెరోల్ మొగుడు ఒక డిటెక్టివ్‌ని పెడతాడు, వాడు వీళ్ల వెనకాలే ఊళ్లు తిరిగి సాక్ష్యాలు పోగేస్తాడు, అవి చూపించి పిల్లని తల్లికి దక్కకుండా చేయాలని ప్లాన్. లోకం ఒప్పుకోదు అనే మాటని కోర్టు కాగితంగా మార్చి చూపించింది హైస్మిత్. ముగింపు చెప్పను గానీ, అప్పట్లో ఇలాంటి నవలల్లో అమ్మాయి చచ్చిపోవాలి, లేదా "బుద్ధి తెచ్చుకుని" మగాణ్ని చేసుకోవాలి, ఇందులో ఆ రెండూ జరగవు. 1952లో అండీ!

తర్వాత "ఫింగర్‌స్మిత్", సారా వాటర్స్, 2002, ఆ ఏడాది బుకర్ షార్ట్‌లిస్ట్‌లో ఉంది. విక్టోరియన్ లండన్ క్రైమ్ కథ. దొంగల ఇంట్లో పెరిగిన సూ అనే పిల్లని ఒక మోసగాడు పల్లెలో ఉన్న ధనికురాలు మాడ్ దగ్గరికి పనిమనిషిగా పంపిస్తాడు. ప్లాన్ సింపుల్, వాడు మాడ్‌ని పెళ్లి చేసుకోవడం, పిచ్చాసుపత్రిలో పడేయడం, ఆస్తి పంచుకోవడం. అంటే ఇక్కడ అడ్డం బయట ఎక్కడా లేదు, సూ నోట్లోని అబద్ధంలోనే ఉంది. ఒక సీన్‌లో మాడ్‌కి పన్ను గుచ్చుకుంటోందంటే సూ వేలికి అంగుస్తానా తొడుక్కుని ఆమె నోట్లో వేలు పెట్టి ఆ పన్ను అరగదీస్తుంది, అంతే జరిగేది, నేను మాత్రం ఫ్యాన్ స్పీడ్ పెంచుకున్నా. నిలువునా ముంచాల్సిన మనిషికి ఊడిగం చేస్తూ ప్రేమలో పడటం అంటే అదీ. దీన్నుంచే తీసిన "ది హ్యాండ్‌మెయిడెన్" కొరియన్ సినిమా చూసినవాళ్లు నాకు కథ తెలుసులే అనుకోకండి, సినిమా దారి వేరు, పుస్తకం రెండో సగం వేరు. మధ్యలో కాస్త సాగుతుంది, ఓపిక పట్టండి.

సైన్స్ ఫిక్షన్‌కి వస్తే "దిస్ ఈజ్ హౌ యూ లూజ్ ద టైమ్ వార్". 2019, అమల్ ఎల్-మొహ్తార్, మ్యాక్స్ గ్లాడ్‌స్టోన్ కలిసి రాశారు, చిన్న పుస్తకం, 2020లో హ్యూగో, అంటే సైన్స్ ఫిక్షన్‌కిచ్చే పెద్ద అవార్డు, వచ్చింది. రెడ్, బ్లూ అని ఇద్దరు ఏజెంట్లు, కాలంలో వెనక్కీ ముందుకీ తిరుగుతూ శత్రుపక్షాల కోసం పోరాడతారు, దొంగచాటుగా ఉత్తరాలు రాసుకుంటారు. మొదటి ఉత్తరం మీదే "చదవకముందే కాల్చెయ్" అని ఉంటుంది. భాష మరీ పాయసంలా చిక్కగా ఉంది, ఒక్క గుక్కలో తాగితే మొహం మొత్తుతుంది. రోజుకి నాలుగు ఉత్తరాలు చాలు. యుద్ధం ఎందుకు జరుగుతోందో సరిగ్గా చెప్పరు, అది నాకు లోటే.

రొమాంటిక్ కామెడీ కావాలంటే కేసీ మెక్విస్టన్ రాసిన "వన్ లాస్ట్ స్టాప్", 2021. న్యూయార్క్ క్యూ ట్రైన్‌లో ఒక అమ్మాయి, 1970ల నుంచి వచ్చి ఆ రైల్లోనే ఇరుక్కుపోయింది, దిగడం కుదరదు. అదే రైలెక్కే హీరోయిన్ ఆమెతో ప్రేమలో పడుతుంది. అడ్డం అంటే ఇది, రైలు తలుపు! ఐడియాకి వంద మార్కులు. కానీ ఆ హీరోయిన్ రూమ్‌మేట్ల గోల ఎక్కువైపోయి అసలు జంట పక్కకి వెళ్లిపోతుంది. టైంపాస్.

చివరిది, మనవాళ్లకి బాగా ఎక్కేది, తాషా సూరి "ది జాస్మిన్ థ్రోన్". ఇదీ 2021దే, మరుసటి ఏడాది వరల్డ్ ఫాంటసీ అవార్డు వచ్చింది. భారతదేశపు ఛాయలున్న ఊహాలోకం, పేర్లు కూడా ప్రియ, మాలిని, భూమిక. చక్రవర్తి చెల్లెలు మాలిని, అన్న చితి ఎక్కమంటే ఎక్కనంది, దాంతో పాడుబడిన గుడిలో బంధించి మందు పెట్టి మత్తులో ఉంచుతారు. అక్కడికి ఊడ్చడానికి వచ్చే పనమ్మాయి ప్రియ, చిన్నప్పుడు అదే గుడిలో పెరిగిన పిల్ల. ఒకరు రాజవంశం, ఇంకొకరు ఆ రాజ్యం కింద నలిగిన ఊరు. ఇద్దరూ ఒకరినొకరు వాడుకుంటున్నారని ఇద్దరికీ తెలుసు, అయినా ఆగరు. నాకు బాగా నచ్చిందేంటంటే ఆ లోకంలో ఇద్దరమ్మాయిలు ప్రేమించుకోవడం మీద రచయిత్రి లెక్చర్ ఇవ్వదు, గొడవంతా సింహాసనం గురించే. నా ఓటు దీనికే. మొదటి వంద పేజీలు పేర్లు, ఊళ్లు మారుతూ ఉంటాయి, ఎవరి కళ్లతో కథ చూస్తున్నామో అదీ మారుతుంది, చేతిలో చీటీ పెట్టుకుని చదవండి. ఇంకోటి, ఇది మూడు పుస్తకాల సిరీస్, "ది ఓలియాండర్ స్వోర్డ్", "ది లోటస్ ఎంపైర్" కూడా వచ్చేశాయి కాబట్టి రెండోది పక్కన పెట్టుకునే మొదటిది తెరవండి, లేకపోతే అర్ధరాత్రి నన్ను తిట్టుకుంటారు.