ఏడుపు ఆగితే అలవాటైనట్టేనా?

అందరికీ నమస్కారం. ఈరోజు పిల్లల ఏడుపు గురించి మాట్లాడతాను. పెద్దవాళ్లు బాల్యాన్ని ఎలా అర్థం చేసుకుంటూ వచ్చారో తెలియాలంటే, ఆ ఏడుపుని ఏ కాలంలో ఏమనుకున్నారో చూస్తే చాలనిపిస్తుంది నాకు.

1928లో అమెరికా సైకాలజిస్ట్ జాన్ వాట్సన్ తల్లిదండ్రుల కోసం ఒక పుస్తకం రాశాడు. పిల్లల్ని హత్తుకోవద్దు, ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు, మరీ ఉండలేకపోతే రాత్రి పడుకునే ముందు నుదుటి మీద ఒక్క ముద్దు, పొద్దున షేక్‌హ్యాండ్, అంతే. అప్పట్లో అది సైన్స్.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకి కూడా బ్రిటన్‌లో పిల్లల వార్డుల్లోకి అమ్మానాన్నల్ని సరిగ్గా రానిచ్చేవాళ్లు కాదు, కొన్నిచోట్ల వారానికోసారి, అదీ కాసేపే. ఇన్ఫెక్షన్ భయం ఒకటి. ఇంకొకటేమో, అమ్మ వచ్చి వెళ్తే పిల్లలు గోల చేస్తారని, రాకపోతే రెండు మూడు రోజులు ఏడ్చి సర్దుకుంటారని. ఆ సర్దుకోవడం ఏంటో చూద్దామని జేమ్స్ రాబర్ట్‌సన్ అనే సోషల్ వర్కర్ వార్డుల్లో కూర్చున్నాడు. పిల్లలు ముందు గట్టిగా ఏడుస్తారు, తర్వాత ఆశ వదిలేసి మూగగా పడుంటారు, చివరికి నర్సులతో నవ్వుతారు గానీ అమ్మ వస్తే ముఖం తిప్పుకుంటారు. డాక్టర్లు నమ్మలేదు. అందుకని 1950ల మొదట్లో, ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉన్న రెండున్నరేళ్ల పాపని కెమెరాతో తీశాడు, రోజూ ఒకే వేళల్లో, ఏడ్చిన క్షణాలే ఏరుకున్నాడని ఎవరూ అనకుండా గోడ గడియారం కూడా కనిపించేలా. ఆ పాప పెద్దగా ఏడవదు. టెడ్డీబేర్‌ని పట్టుకుని, ఏడుపు దిగమింగుకుంటూ, మధ్యమధ్యలో అమ్మ కావాలంటుంది. చూసిన డాక్టర్లలో చాలామందికి కోపం వచ్చింది. 1959లో బ్రిటన్ ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ తల్లిదండ్రుల్ని ఎప్పుడైనా రానివ్వాలని సిఫార్సు చేసింది, అమలయ్యేసరికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకా దగ్గరి కాలం సంగతి. 1980ల దాకా చాలాచోట్ల అప్పుడే పుట్టిన బిడ్డలకి సరైన మత్తు లేకుండానే, కదలకుండా మాత్రం మందిచ్చి ఆపరేషన్లు చేశారు. మత్తు ప్రమాదమని భయం, నొప్పి తెలిసేంత ఎదుగుదల వాళ్లకి లేదని నమ్మకం. 1987లో ఆనంద్, హికీ అనే ఇద్దరు డాక్టర్లు ఆధారాలన్నీ ఒకచోట చేర్చి ఆ నమ్మకాన్ని గట్టిగా ప్రశ్నించాకే పద్ధతులు మారడం ఊపందుకుంది.

మీలో ఎవరైనా ఈమధ్యే పిల్లాడిని ప్లేస్కూల్లో వేసి ఉంటే, నాలుగో రోజు ఏడుపు ఆగిపోగానే "అలవాటైపోయింది" అనుకుని ఉంటారు. నిజంగానే అయి ఉండొచ్చు. ఓ రెండు వారాలు మాత్రం సాయంత్రం గేటు దగ్గర కాసేపు గమనించండి, మిమ్మల్ని చూడగానే పరిగెత్తుకొస్తున్నాడా, పక్కకి చూస్తున్నాడా అని.