అషి అంటే కాలే, కానీ...

అందరికీ నమస్కారం. ఈ రోజు ఒకే ఒక్క జపనీస్ మాట పట్టుకుంటాను: అషి. డిక్షనరీ తెరిస్తే కాలు అని ఉంటుంది, చాలామంది అక్కడితో పేజీ తిప్పేస్తారు. మనం కాలు అన్నట్టే వాళ్లూ తొడ నుంచి వేళ్ల దాకా దేన్నైనా అషి అనేస్తారు, వినేటప్పుడు తేడా తెలియదు. రాసేటప్పుడే చిక్కు. దీనికి కాంజీలు, అంటే జపనీస్ రాతలో వాడే చైనా అక్షరాలు, రెండున్నాయి: మామూలుగా పాదానికి ఒకటి, తుంటి నుంచి కిందికి మొత్తం కాలికి ఇంకొకటి. బల్ల కాళ్లకు రెండోదే రాస్తారు. పాదం కాంజీనే ‘సోకు’ అని చదివితే బూట్లు, సాక్సులు జతల్లో లెక్కపెట్టే మాట అవుతుంది. ఒక జత ఇస్సోకు, మూడు జతలు సాన్‌జోకు.

అసలు మజా పక్కన క్రియ చేరాక మొదలవుతుంది. ‘అషి ఓ అరౌ’ అంటే కాళ్లు కడుక్కోవడం, కానీ ముఠాల్లో తిరిగినవాడో జూదగాడో ఆ దారి వదిలేస్తే ఇదే మాట వాడతారు. మనకేమో వదిలించుకోవాలంటే చేతులు కడుక్కోవాలి! ‘అషి గా త్సుకు’ అంటే దొంగ జాడ దొరకడం. పార్టీకి 20 వేల యెన్‌లు అనుకుని 23 వేలు ఖర్చయిందనుకోండి, ‘అషి గా దేరు’, కాలు బయటపడింది అంటారు. పాతకాలపు మాటలో డబ్బునే ‘ఒఅషి’ అన్నారు, కాళ్లున్నట్టు చేతులు మారిపోతుందని. నాకైతే ఇది భలే నచ్చింది, నెలాఖరులో మరీ.

‘అషి గా హయాయి’ దగ్గర మాత్రం జాగ్రత్త. మనిషిని అంటే బాగా పరిగెత్తుతాడని మెచ్చుకోలు, అదే మాట సాబా చేపను గురించి అంటే తొందరగా పాడైపోతుంది, ఇవాళే వండేయండి అని. అందుకే అషిని ఒంటరిగా బట్టీ పట్టొద్దంటాను, పక్కనున్న క్రియతో కలిపి, ఎవరి గురించి అన్నారో కూడా చూసి నేర్చుకోండి.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. రైళ్లు, బస్సులు కూడా జనానికి అషే. తుఫాను వచ్చి రైళ్లు ఆగితే జనం అషి పోయిందని వార్తల్లో చెబుతారు. జపాన్ పాత బొమ్మల్లో దయ్యాలకు తరచుగా పాదాలు గీయరు, అయినా ఆఖరి రైలు పోయాక మీ ఫ్రెండ్ ‘అషి గా నాయి’, కాళ్లు లేవు అంటే హడలిపోకండి, టాక్సీ పిలవండి.